చెట్టు మొద్దులు తీయించడానికి బకెట్ చాలా, రిప్పర్ కావాలా?

పాత తోట కొట్టేసి కొత్తగా నాటుకోవాలనుకునే రైతు, కంప పట్టిన చేను బాగుచేయించుకునేవాళ్ళు, ప్లాటులో వేప మొద్దు అడ్డంగా ఉండి ఇంటి పని మొదలుపెట్టలేకపోతున్నవాళ్ళు, అందరూ ముందు అడిగేది ఒకటే: జేసీబీ పిలవాలా, చైన్ మిషను పిలవాలా? చైన్ మిషను యజమానికి ఫోన్ చేస్తే ఆయన ఇంకో ప్రశ్న వేస్తాడు. "రిప్పర్ పెట్టి పంపమంటారా?" గంటకు రేటు కూడా కొంచెం పెంచి చెబుతాడు. అవునంటే డబ్బు దండగేమో, వద్దంటే పని సాగదేమో అని అక్కడ చాలామంది తేల్చుకోలేరు.

ఈ చైన్ మిషనుకు, అంటే ఊళ్ళల్లో పొక్లెయిన్ అనో హిటాచీ అనో పిలిచే ఎక్స్‌కవేటర్‌కు బకెట్ విప్పేసి, ఆ చోట తగిలించే ఒంటి పన్నే రిప్పర్. మందమైన ఉక్కు పలక లోపలికి వంగి ఉంటుంది, దాని కొసన అరిగితే మార్చుకునే పన్ను ఉంటుంది. దీనికి హైడ్రాలిక్ పైపులేమీ అక్కర్లేదు, పిన్నులు సరిపోతే చాలు. 20 టన్నుల తరగతి మిషను బకెట్ కొస దగ్గర దాదాపు 13 నుంచి 15 టన్నుల బలంతో లాగగలదు. బకెట్‌కు ఐదు పళ్ళుంటే ఆ బలాన్ని ఐదూ పంచుకుంటాయి. రిప్పర్‌లో బలమంతా ఒక్క కొస మీదే పడుతుంది. పారకూ గునపానికీ ఉన్న తేడాయే ఈ రెండింటికీ ఉంది. గునపం పెకలిస్తుంది, మట్టి ఎత్తలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పది పదిహేను మొద్దుల కోసం రిప్పర్‌ను ప్రత్యేకంగా తెప్పించడం చాలావరకు దండగ. మొద్దులు వందల్లో ఉన్నా, నేల గట్టి మొరమైనా, రిప్పర్ లేకుండా పని మొదలుపెట్టడం దండగ. ఈ రెంటికీ మధ్యలో ఉన్నవాళ్ళే లెక్క వేసుకోవాలి.

## ముందు చూడాల్సింది చెట్టు లావు కాదు

మొద్దు ఎంత లావుందని అందరూ అడుగుతారు. దానికన్నా వేరు ఎలాంటిదన్నదే ఎక్కువ ముఖ్యం.

కొబ్బరి, తాడి, ఆయిల్‌పామ్ చెట్లకు తల్లివేరు ఉండదు. మొదలు చుట్టూ సన్నని పీచువేర్లు వేల సంఖ్యలో గుత్తిగా అల్లుకుని ఉంటాయి. చూడ్డానికి భారీగా ఉన్నా, చుట్టూ నాలుగు వైపులా తెగ్గొడితే గుత్తంతా ఒకేసారి లేచి వస్తుంది. గోదావరి ఒండ్రు నేలల్లోనూ ఉద్దానం ఇసుక నేలల్లోనూ ఈ పనికి బకెట్ చాలు. అయితే అవి సగం సగం తీసి వదిలేసే మొద్దులు కావు. కుళ్ళుతున్న కొబ్బరి మొదలులో కొమ్ము పురుగు గుడ్లు పెట్టి, పక్క చెట్ల మీద పడుతుంది. గానోడెర్మా తెగులుతో చనిపోయిన చెట్టయితే వేర్లతో సహా తీసి నాశనం చేయాలి, లేకపోతే తెగులు నేలలోనే ఉండి కొత్త మొక్కకు అంటుకుంటుంది. ఆయిల్‌పామ్ తోట తీసేసి మళ్ళీ ఆయిల్‌పామే వేసేవాళ్ళకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

మామిడి, చింత, వేప సంగతి వేరు. తొడంత లావు పక్కవేర్లు దూరదూరం పాకుతాయి. ముదురు చెట్టయితే ఒకటి రెండు వేర్లు నేరుగా లోతుకు దిగి ఉంటాయి. బకెట్ పళ్ళు ఇలాంటి వేరు మీద పడితే జారిపోతాయి, లేదా వేరు వంగి మళ్ళీ లేస్తుంది. రిప్పర్ దాని కిందికి దూరి పైకి లాగి తెంపేస్తుంది.

జామాయిల్, సుబాబుల్ మొద్దులు అంత లావుండవు కానీ లెక్కలో చాలా ఎక్కువ. మూడు మీటర్లకు రెండు మీటర్ల ఎడంతో నాటిన జామాయిల్ తోటలో ఎకరాకు దాదాపు 670 మొద్దులు ఉంటాయి. పది మీటర్ల ఎడంతో వేసిన పాత మామిడి తోటలో 40 మాత్రమే. ఒక్కో మొద్దుకు నిమిషం ఆదా అయినా జామాయిల్ చేలో ఎకరాకు పదకొండు గంటలు మిగులుతాయి. రిప్పర్ తన అద్దె తాను రాబట్టుకునేది ఇలాంటి చోటే.

ఇక సర్కారు తుమ్మ, అంటే కంపచెట్టు. దాన్ని నేల మట్టానికి నరికితే నాలుగు నెలల్లో మళ్ళీ పొదైపోతుంది. కాండమూ వేరూ కలిసే చోట, నేలలోపల ఉండే మొగ్గల నుంచి అది చిగురిస్తుంది. ఆ కీలు భాగం అడుగు, అడుగున్నర లోతు నుంచి బయటికి రావాలి. చాలామంది జేసీబీ ముందు బకెట్‌తో తోయించి చేను శుభ్రమైందనుకుంటారు. పైపైన విరిగిపోతుంది, కీలు లోపలే ఉండిపోతుంది. వానలు పడగానే కంప మళ్ళీ లేస్తుంది.

రెండో విషయం నేల. ఇసుక, ఒండ్రు నేలల్లో రిప్పర్‌కు పెద్దగా పనుండదు. వదులు మట్టిలో ఒంటి పన్ను గీత గీసుకుంటూ పోతుందే తప్ప మొద్దు కదలదు. ఎండిన ఎర్ర చెలకల్లో, మొరంలో బకెట్ చప్పుడు చేస్తుంది కానీ దిగదు, అక్కడ రిప్పరే దిక్కు. నల్లరేగడికి ఈ సూత్రాలేవీ పూర్తిగా వర్తించవు. ఏప్రిల్, మే నెలల్లో అది ఎండి రాయైపోతుంది, రిప్పర్ లాగితే బండలంత పెళ్ళలు లేస్తాయి. వానాకాలంలో పని పెట్టుకుంటే మిషనే కూరుకుపోతుంది. తొలకరి పడి నేల పైన ఆరి, లోపల కాస్త తడి ఉన్న రోజులే దీనికి అనువు. ఎర్ర నేలకూ ఒక మంచి వాన పడ్డాక పెట్టుకుంటే పని సగానికి సగం తేలికవుతుంది. కోనసీమలో మాత్రం నీటి మట్టం పైకే ఉంటుంది కాబట్టి ఎండాకాలమే మేలు.

మూడోది, ఆ నేలలో తర్వాత ఏం చేయబోతున్నారు? మళ్ళీ పంట వేసేవాళ్ళకు పైమట్టి బంగారం. బకెట్ ప్రతి మొద్దు చుట్టూ పెద్ద గొయ్యి తవ్వి, కింది సుద్దనో చవుడునో పైకి తెస్తుంది. ఆ మచ్చలు చేలో నాలుగైదేళ్ళు కనిపిస్తాయి, అక్కడ పైరు పొట్టిగానే ఉంటుంది. రిప్పర్ మొద్దును లాగుతుంది కానీ మట్టిని చాలావరకు ఉన్నచోటే వదిలేస్తుంది. ఇల్లు కట్టేవాళ్ళకు పైమట్టితో పని లేదు, వాళ్ళకు నేలలో వేరు మిగలకపోవడమే ముఖ్యం. మిగిలిన వేరు కుళ్ళితే బోలు ఏర్పడుతుంది, చెదలు చేరతాయి, పైన వేసిన గచ్చు కుంగుతుంది. లాన్ వేసుకునేవాళ్ళకు అంత లోతుతో పనిలేదు, అడుగు లోతు శుభ్రమైతే చాలు.

## ఒక్కో మార్గం ఎలా ఉంటుంది

జేసీబీ వెనక బకెట్. తన చక్రాల మీద తానే వస్తుంది, ట్రెయిలర్ ఖర్చు ఉండదు, ఏ మండలంలో అడిగినా దొరుకుతుంది. సుమారు ఎనిమిది టన్నుల బండి. అడుగు లోపు లావున్న మొద్దులను, మెత్తటి నేలలో కొబ్బరి మొదళ్ళను బాగానే తీస్తుంది. తీసిన గొయ్యిని ముందు బకెట్‌తో తానే పూడ్చేస్తుంది, ఇది చిన్న లాభం కాదు. లోపం ఎక్కడంటే, ప్రతి మొద్దు దగ్గరా వెనక కాళ్ళు దించాలి, పని అయ్యాక ఎత్తాలి, పక్క మొద్దుకు జరగాలి. పది మొద్దులకు ఇది లెక్కలోకి రాదు. ఆరు వందలకు మాత్రం సగం రోజులు అందులోనే పోతాయి. కంపచెట్ల మధ్య అయితే టైర్లకు ముళ్ళు దిగి పంక్చర్లవుతాయి.

పొక్లెయిన్, బకెట్‌తోనే. బరువులో జేసీబీకి రెండింతలకు పైనే. చైన్ల మీద నిలబడి చుట్టూ తిరుగుతూ పనిచేస్తుంది కాబట్టి కాళ్ళు దించే గొడవ లేదు, ఒకచోట నిలబడే మూడు నాలుగు మొద్దులు అందుకుంటుంది. పెద్ద మొద్దును తీసి, దులిపి, పక్కన పెట్టి, గొయ్యి పూడ్చడం అంతా ఒకే బకెట్‌తో అయిపోతుంది. పని రకరకాలుగా ఉన్నప్పుడు అన్నింటికీ పనికొచ్చే ఎంపిక ఇదే. ట్రెయిలర్ మీద తేవాలి, డీజిల్ గంటకు జేసీబీకన్నా రెండు మూడింతలు తాగుతుంది, మట్టిని ఎక్కువ కెలుకుతుంది.

పొక్లెయిన్, రిప్పర్‌తో. గట్టి నేల, లావు వేర్లు, లెక్కకు మించిన మొద్దులు, ఈ మూడింట్లో రెండు ఉంటే దీని తర్వాతే ఏదైనా. పక్కవేర్లను ఒక్కొక్కటిగా తెంపి, మొద్దు కిందికి దూరి ఎత్తుతుంది. గొయ్యి చిన్నది, మట్టి తక్కువ లేస్తుంది. పెద్ద మొద్దును కొస గుచ్చి నేల మీదే రెండు మూడు ముక్కలుగా చీల్చనూవచ్చు, ట్రాక్టర్‌లో వేయడానికి తేలికవుతుంది.

దీని అసలు బలహీనత మొద్దు బయటికి వచ్చాక తెలుస్తుంది. రిప్పర్ మొద్దును పట్టుకోలేదు, లోడ్ చేయలేదు, గొయ్యి పూడ్చలేదు, చదును చేయలేదు. అందుకు మళ్ళీ బకెట్ తగిలించాలి. క్విక్ కప్లర్ (పిన్నులు కొట్టకుండానే బకెట్, రిప్పర్ మార్చే అమరిక) ఉన్న మిషను అయితే ఆపరేటర్ సీటులోంచి దిగకుండానే నిమిషాల్లో మార్చేస్తాడు. మన దగ్గర అద్దెకు తిరిగే మిషన్లలో చాలావాటికి అది ఉండదు. పిన్నులు సుత్తితో కొట్టి తీసి, రంధ్రాలు సరిచూసి మళ్ళీ బిగించడానికి అరగంటకు తక్కువ పట్టదు, తుప్పు పట్టిన పిన్ను అయితే దేవుడి దయ. రోజుకు నాలుగుసార్లు మారిస్తే రిప్పర్ మిగిల్చిన సమయమంతా అక్కడే ఖర్చు. కాబట్టి రిప్పర్ పని అంతా ఒక విడతలో ముగించాలి, బకెట్ పని తర్వాతి విడతలో. ఇంకా మంచిది, ముందు రిప్పర్ మిషను పెకలిస్తూ పోతుంటే వెనక ఒక జేసీబీ ఏరుకుంటూ పూడ్చుకుంటూ రావడం. ఒకటి రెండు ఎకరాలు దాటిన పనికి ఈ జోడీయే చవక.

మినీ ఎక్స్‌కవేటర్. మూడు టన్నుల లోపు బండి, రెండు మీటర్ల గేటులోంచి లోపలికి పోతుంది. ఇంటి పెరట్లో, గోడల మధ్య అడుగు లావు లోపు మొద్దులకు సరిపోతుంది. బలం తక్కువ కాబట్టి దీనికి చిన్న రిప్పర్ ఉంటే పెద్ద బండ్లకన్నా ఎక్కువ తేడా కనిపిస్తుంది. ముదురు చింత మొద్దు మీదికి మాత్రం దీన్ని పంపకండి.

స్టంప్ గ్రైండర్. గట్టి పళ్ళున్న చక్రం తిరుగుతూ మొద్దును నేలకు అర అడుగు, అడుగు లోతు వరకు పొట్టు చేస్తుంది. గొయ్యి ఉండదు, గోడ కదలదు, వేసిన టైల్స్ పాడవవు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఇల్లున్న మనవాళ్ళకు ఇది రోజుల లెక్కన అద్దెకు దొరికే మామూలు వస్తువు. ఇక్కడ పెద్ద నగరాల్లో వెతుక్కోవాలి. వేర్లు నేలలోనే ఉంటాయి కాబట్టి పునాది పడే చోట పనికిరాదు. మొద్దులో రాళ్ళు ఇరుక్కుని ఉంటే పళ్ళు పోతాయి, కొబ్బరి పీచు చక్రానికి చుట్టుకుంటుంది.

తగలబెట్టడం, కుళ్ళబెట్టడం. పచ్చి మొద్దు సరిగా కాలదు. కుళ్ళడానికి ఏళ్ళు పడుతుంది, కొబ్బరి విషయంలో పురుగులకు ఇల్లు కట్టించినట్టే. గట్టుమీద ఎవరికీ అడ్డులేని మొద్దయితే వదిలేయండి, అంతకన్నా చవక ఏదీ లేదు.

| చూడాల్సింది | జేసీబీ | పొక్లెయిన్ బకెట్ | పొక్లెయిన్ రిప్పర్ | గ్రైండర్ |
|---|---|---|---|---|
| గట్టి మొరం నేల | కష్టం | నెమ్మది | బాగుంది | నేలతో పని లేదు, రాళ్ళుంటే వద్దు |
| ఇసుక, ఒండ్రు | బాగుంది | బాగుంది | అక్కర్లేదు | బాగుంది |
| కొబ్బరి, తాడి | మెత్తటి నేలలో సరే | బాగుంది | గట్టి నేలలో బాగుంది | పీచు చుట్టుకుంటుంది |
| ముదురు మామిడి, చింత | కష్టం | సరే | బాగుంది | పైభాగం వరకే |
| వందల్లో మొద్దులు | చాలా నెమ్మది | సరే | బాగుంది | వద్దు |
| పైమట్టి నిలవడం | తక్కువ | తక్కువ | ఎక్కువ | పూర్తిగా |
| గొయ్యి పూడ్చడం | తానే | తానే | ఇంకో మిషను కావాలి | గొయ్యే ఉండదు |
| తెచ్చే ఖర్చు | తక్కువ | ట్రెయిలర్ | ట్రెయిలర్ | తక్కువ |

## లెక్క గంటకు కాదు, మొద్దుకు వేయాలి

రేట్లు ఊరికీ సీజన్‌కూ మారిపోతాయి కాబట్టి కింద వాడినవి ఊహించిన అంకెలు. మీ ఊరి రేటు పెట్టి మీరే మళ్ళీ వేసుకోండి.

బకెట్‌తో పొక్లెయిన్ గంటకు 2,000, రిప్పర్‌తో 2,200 అనుకుందాం. ఎకరం జామాయిల్, 670 మొద్దులు. బకెట్‌తో ఒక్కోదానికి రెండు నిమిషాలు పడితే 22 గంటల పైచిలుకు, దాదాపు 44,700 రూపాయలు. రిప్పర్‌తో నిమిషం పడితే 11 గంటల పైచిలుకు, సుమారు 24,600. ఏరి కుప్ప వేసి చదును చేయడానికి బకెట్‌తో ఇంకో నాలుగు గంటలు కలిపినా 32,600 దగ్గర తేలుతుంది. మార్పిడికి ఒక గంట వేసుకున్నా ఎకరాకు పది వేలు మిగులుతాయి.

ఇప్పుడు పన్నెండు మామిడి మొద్దులు. బకెట్‌తో ఒక్కోటి పూడ్చడంతో కలిపి అరగంట అంటే ఆరు గంటలు, 12,000. రిప్పర్‌తో ఇరవై నిమిషాల చొప్పున నాలుగు గంటలు, రిప్పర్ తగిలించి విప్పడానికి గంట, బకెట్‌తో పూడ్చడానికి రెండు గంటలు. గంటలు ఏడయ్యాయి, ఖర్చు 15,000. రిప్పర్ వేగంగానే పనిచేసింది, నష్టపోయింది మాత్రం మీరు. అదే పన్నెండు మొద్దులు రాయిలాంటి మొరంలో ఉండి, బకెట్‌కు ఒక్కోటి గంటన్నర పట్టేట్టుంటే లెక్క మొత్తం తిరగబడుతుంది.

అందుకే పెద్ద పనికి ముందు ఒక గంట ట్రయల్ చేయించండి. గంటలో ఎన్ని లేచాయో మీరే నిలబడి లెక్కపెట్టండి. మొద్దుకు ఇంత అని గుత్తకు ఇచ్చే పద్ధతీ ఉంది, కాకపోతే అందులో ఒక చిక్కుంది. గుత్త అనగానే ఆపరేటర్ పైభాగం విరిచి వేరు లోపల వదిలేసి పక్కదానికి పోతాడు. గుత్తకు ఇస్తే ఎంత లోతు వరకు వేరు రావాలో, గొయ్యి ఎవరు పూడ్చాలో ముందే మాట్లాడుకోవాలి. గంట లెక్క అయితే మీటర్ రీడింగ్‌ను మొదట్లోనూ చివర్లోనూ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. బకెట్ మార్చే సమయం ఎవరి ఖాతాలోకి వస్తుందో ముందు తేలకపోతే సాయంత్రం డబ్బులిచ్చేటప్పుడు తప్పక గొడవవుతుంది.

## ఖర్చు సగం తగ్గేది మిషను రాకముందే

రిప్పర్ వర్సెస్ బకెట్ తేడాకన్నా పెద్ద తేడా ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. చెట్టు కొన్న కలప వ్యాపారి నేలకు అంటించి కోస్తాడు, ఆయనకు ప్రతి అంగుళం డబ్బే. మీకు మాత్రం మిగిలేది పట్టు దొరకని గుండ్రటి మొద్దు. మూడు నాలుగు అడుగుల ఎత్తు వదిలి కోయిస్తే ఆ కాండమే మీటగా పనికొస్తుంది. ఆపరేటర్ పై కొసను మిషను పెద్ద చెయ్యి, అంటే బూమ్‌తో నెట్టగానే అవతలి పక్క వేర్లు వాటంతటవే తేలుతాయి. ఆ మూడడుగుల కలపకు పోయే డబ్బు మిషను గంటల్లో తిరిగొస్తుంది. చెట్టు అమ్మేటప్పుడే వ్యాపారితో ఈ మాట తేల్చుకోండి.

కోయడానికి ముందు అనుమతి సంగతి చూసుకోవాలి. 2002 నాటి వాల్టా చట్టం కింద రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చెట్లు కొట్టడానికి అనుమతి తీసుకోవాల్సి ఉంటుంది. కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి, మీ చెట్టు ఏ కోవలోకి వస్తుందో అటవీ శాఖ వాళ్ళను అడిగి తెలుసుకోండి.

నేలలోపల ఏముందో రిప్పర్‌కు కనపడదు. బకెట్‌తో తవ్వుతుంటే పైపు బయటపడ్డాకైనా ఆపొచ్చు, రిప్పర్ కొస మాత్రం దాన్ని తెంపుకునే బయటికొస్తుంది. డ్రిప్ మెయిన్ లైను, బోరు కేబుల్, తెలంగాణ పల్లెల్లో మిషన్ భగీరథ పైపులు, రోడ్డు పక్కన ఫైబర్ కేబుళ్ళు ఎక్కడెక్కడ పోతున్నాయో సున్నం గీత గీసి పెట్టండి. కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో తెచ్చిన 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ ఇందుకోసమే, రోడ్డు పక్క స్థలాలకు ఉపయోగపడుతుంది. పైన కరెంటు తీగలుంటే బూమ్ ఎత్తు చూసుకుని, అవసరమైతే లైన్‌మన్‌తో మాట్లాడి సరఫరా ఆపించండి.

## రిప్పర్‌లో ఏ రకం

ఒంటి షాంక్, అంటే ఒకే ఉక్కు పలక ఉన్న రిప్పరే మొద్దులకు సరైనది. రెండు మూడు షాంకులున్నది నేల వదులు చేయడానికి బాగుంటుంది, మొద్దు మీద బలం చీలిపోతుంది. లోపలి అంచుకు రంపం పళ్ళున్న రకం ఉంది, వేరు జారకుండా పట్టి కోస్తుంది. తోటలు మార్చే పనులే ఎక్కువ చేసే యజమానికి అది కొనదగ్గదే. అదురుతూ పొడిచే వైబ్రో రిప్పర్ రాతి పనికి పుట్టింది, హైడ్రాలిక్ లైన్లు కావాలి, ధర ఎక్కువ. మొద్దుల కోసం దాని జోలికి పోనక్కర్లేదు.

సొంత మిషనుకు రిప్పర్ చేయించుకునేవాళ్ళకు ఒక మాట. విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట్ల ప్లేటు కోసి వెల్డింగ్ చేసి ఇస్తారు. మామూలు ఇనుప ప్లేటుతో చేస్తే చవకే, కానీ మొదటి చింత మొద్దుకే పక్కకు వంగుతుంది. అరుగుదల తట్టుకునే గట్టి ఉక్కు అడగండి, కొసన పన్ను విడిగా మారేట్టు ఉండాలి. 20 టన్నుల మిషన్లకు సాధారణంగా 80 మిల్లీమీటర్ల పిన్నులుంటాయి, అయినా మీ మిషనుది కొలిచే ఇవ్వండి. పిన్నుల మధ్య దూరం, ఆర్మ్ (బకెట్ తగిలే ముందు చెయ్యి) వెడల్పు కూడా కొలవాలి. ఇంకా, పొడుగ్గా ఉంటే లోతుకు దిగుతుందని ఆరడుగులది చేయించకండి. పిన్ను నుంచి కొస ఎంత దూరమైతే కొస మీద బలం అంత తగ్గుతుంది. బకెట్ పళ్ళు ఎంత దూరంలో ఉన్నాయో అంతే, లేదా కొంచెం ఎక్కువ ఉంటే చాలు.

## ఆపరేటర్ ఎలా పనిచేస్తున్నాడో చూడండి

మంచి ఆపరేటర్ ముందు మొద్దు చుట్టూ మూడు నాలుగు అడుగుల దూరంలో గుచ్చి, పక్కవేర్లు ఒక్కొక్కటి తెంపుతాడు. ఆ తర్వాత మొద్దు అవతలి వైపు కొస దింపి, ఆర్మ్‌ను తనవైపు లాక్కుంటూ రిప్పర్‌ను మెల్లగా ముడుస్తాడు. మొద్దు కదలకపోతే బలం పెంచడు, ఇంకో వేరు వెతుకుతాడు.

కొత్త ఆపరేటర్ కొస గుచ్చి మిషనును పక్కకు తిప్పుతాడు. రిప్పర్ ముందుకీ వెనక్కీ లాగడానికి చేసింది, పక్క ఒత్తిడికి కాదు. అలా తిప్పితే షాంక్ వంగుతుంది, లింకుల దగ్గర బుషులు పోతాయి, ఒక్కోసారి ఆర్మ్ పగులుతుంది. మిషను వెనక భాగం గాల్లోకి లేచేంతగా లాగుతున్నా ఆపించండి. బండి ఆయనది కదా అనుకోకండి, మధ్యలో ఆగిపోయేది మీ పని. తెగిన వేరు ఒక్కసారిగా ఎగిరి తగులుతుంది, కాబట్టి చూసే జనాన్ని, ముఖ్యంగా పిల్లల్ని, బూమ్ చాచినంత దూరానికి రెండింతలు అవతల నిలబెట్టండి.

## తోట పనులకు, నేల చదునుకు

మొద్దుల కోసం వచ్చిన రిప్పర్‌తో అదే రోజు ఇంకేం చేయించుకోవచ్చు? మొరం నేలలో మొక్కలు నాటే గుంటల దగ్గర ముందు రిప్పర్‌తో అడ్డంగా నిలువుగా రెండు గీతలు లాగిస్తే, మీటరు లోతు గుంట బకెట్‌కు ఆటలా వస్తుంది. పైపు లైను కాలువకు ముందు గీత లాగించడమూ అంతే. నేలలో పాతుకున్న గుండ్రాళ్ళను పెళ్ళగించి ల్యాండ్‌స్కేపింగ్‌కు వాడుకునేవాళ్ళకు ఇంతకన్నా మంచి పనిముట్టు లేదు, రాయి పగలకుండా వస్తుంది.

కొన్నిటికి దీన్ని వాడకండి. పొలమంతా అడుగున గట్టిపడ్డ పొరను పగలగొట్టాలంటే ట్రాక్టర్ సబ్‌సాయిలర్ చాలా చవక, ఒకటిన్నర నుంచి రెండడుగుల లోతు దున్నుతుంది. పగుళ్ళు లేని గట్టి బండకు బ్రేకరే. పొరలు పొరలుగా, పగుళ్ళతో ఉన్న రాయి అయితే రిప్పర్ లేపుతుంది. కాంక్రీటు పలకల అంచు దొరికితే ఎత్తుతుంది, మధ్యలో పొడిస్తే పన్ను పోతుంది.

## మీరు ఎవరు?

కోనసీమలోనో ఉద్దానంలోనో కొబ్బరి మొదళ్ళు తీయించేవాళ్ళకు బకెట్ పొక్లెయిన్ చాలు, కొద్ది మొదళ్ళయితే జేసీబీయే. తిత్లీ లాంటి తుపానుకు పడిపోయిన చెట్లకు వేరు సగం ముందే లేచి ఉంటుంది, వాటికి రిప్పర్ పేరు కూడా ఎత్తొద్దు.

జామాయిల్, సుబాబుల్ తీసేసి మెట్ట పంటకో పండ్ల తోటకో మారే రైతు రిప్పర్‌తో పాటు జేసీబీ జోడీ తెప్పించుకోవాలి. పక్క చేను వాళ్ళూ అదే పనిలో ఉంటే కలిసి పిలిపించుకోండి, ట్రెయిలర్ ఖర్చు పంచుకోవచ్చు.

కంప పట్టిన భూమికి రిప్పరే. ఒక్కసారి తీయించినంత మాత్రాన అయిపోదు, నేలలో పడి ఉన్న గింజలు మొలుస్తూనే ఉంటాయి. తర్వాతి రెండు మూడు వానాకాలాలు మొలకలను పీకించే ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకోండి.

హైదరాబాద్ లాంటి చోట ఇంటి ప్లాటులో ఒకటి రెండు మొద్దులున్నవాళ్ళకు ప్రహరీ గోడ ఎంత దూరమన్నదే కొలత. ఎనిమిది పదడుగుల జాగా ఉంటే జేసీబీతోనో మినీతోనో, గోడ వైపు వేర్లు ముందే తెంపించి, మొద్దును గోడకు అవతలి దిశగా లాగించండి. ఐదారడుగుల్లోపే ఉంటే గ్రైండర్ వెతకండి, లేదా కూలీలతో తవ్వించి వేర్లు కోయించండి. గోడ కింద దూరిన వేరును మిషనుతో లాగితే గోడ బీటలు వారుతుంది, పక్కింటి వాళ్ళ గోడ అయితే టెన్షన్ రెండింతలు.

మొద్దు తీసిన చోట కట్టడం వస్తుందంటే గొయ్యిలో ఆ మొద్దునే వేసి పూడ్చనివ్వకండి. తొందరలో ఉన్న ఆపరేటర్లు ఈ పని చేస్తారు. శుభ్రమైన మొరం తెప్పించి, అర అడుగుకు మించని పొరలుగా వేయించి, నీళ్ళు చల్లి, ఒక్కో పొరా దిమ్మిస కొట్టించాకే తర్వాతి పొర వేయించండి. మళ్ళీ పంటే వేసేట్టయితే ఇంత అక్కర్లేదు. గొయ్యి కాస్త గుట్టగా పూడ్చి ఒక వానాకాలం వదిలితే దానంతటదే సర్దుకుంటుంది.